రెండు కొలువులు, ఒక మొహమాటం

ఉద్యోగం లేనివాళ్ల కష్టాలు చూడ్డానికి ప్రభుత్వాలు శాఖలు పెట్టాయి, ఆ శాఖలకి భవనాలు కట్టాయి, ఆ భవనాల్లో కుర్చీలు వేయించాయి. (కుర్చీలు నేలకి బిగించి ఉంటాయి. ఉద్యోగం లేనివాడు ఏమైనా పట్టుకుపోగలడని ప్రభుత్వాల అంచనా.) కానీ రెండు ఉద్యోగాలు ఒకే మధ్యాహ్నం వచ్చి నెత్తిన పడ్డ మనిషిని ఆదుకోవడానికి నాగరిక ప్రపంచంలో ఇంతవరకు ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు. ఆ లోపం ఎలాంటిదో మా పక్కింటి బెవర్లీ నీమికి జరిగింది వింటే తెలుస్తుంది.

మాది మిన్నెసోటాలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున, స్టోనీ హార్బర్. ఇక్కడ మంచు అక్టోబరులో వచ్చి, అందరికీ విసుగు పుట్టాక కూడా కొన్నాళ్లు ఉండి వెళ్తుంది. నాకూ నీమీలకీ కలిపి వాకిట్లో మంచు తోసే యంత్రం ఒకటే ఉంది. కాబట్టి వాళ్లింటి సంగతులు నాకు తెలియడాన్ని ఆరా తియ్యడం అనకూడదు. ఉమ్మడి ఆస్తి నిర్వహణ అనాలి.

బెవర్లీ ఊరి కాగితం మిల్లులో లారీలు నడిపించేది. నడపడం కాదు, నడిపించడం. రేడియో ముందు కూర్చుని ఏ లారీ ఎప్పుడు కదలాలో, ఏ దారిన పోవాలో, ఏ డ్రైవరు పొద్దున్నే పెళ్లాంతో పోట్లాడి వచ్చాడు కాబట్టి వాణ్ణి కాస్త దూరం పంపితే మంచిదో, అన్నీ ఆవిడే చూసుకునేది. ఇరవై ఏళ్లకి దగ్గరగా చేసింది. అక్కడ ఆవిడ హోదా ‘లారీల అమ్మాయి’. నలభై దాటినా అమ్మాయే. నిరుడు వసంతంలో మిల్లు యాజమాన్యం అందర్నీ క్యాంటీనులోకి పిలిచి, మిల్లు మూతపడటం లేదనీ, కేవలం ‘ఉత్పత్తి లేని దశలోకి’ అడుగుపెడుతోందనీ ప్రకటించింది. తర్వాత డోనట్లు పంచారు.

మొగుడు రస్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. సొంత షెడ్డు, మంచి పనితనం. సొంత షెడ్డు ఉన్నవాడికి మా దేశంలో ఉండనిది ఒక్కటే, ఆరోగ్య బీమా. కూతురు మేజీకి పదమూడేళ్లు. చిన్నప్పుడే షుగరు వచ్చింది, ఇన్సులిన్ లేకపోతే గడవని రకం. నడుముకి చిన్న పంపు తగిలించుకుని ఐస్ హాకీ ఆడుతుంది, ఎదుటివాళ్ల పళ్లకి ప్రమాదకరంగా. ఇన్సులిన్ మందుల షాపుల్లోనే దొరుకుతుంది గానీ, దాన్ని కొనగలిగే యోగం మాత్రం ఆఫీసుల్లో దొరుకుతుంది. మిల్లు ఇచ్చిన బీమా ఆకులు రాలేదాకా చెల్లుతుందన్నారు.

ఆకులు రాలడం మొదలైంది.

అంతవరకూ ఎన్ని చోట్ల దరఖాస్తు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. అక్టోబరులో ఒకనాడు మధ్యాహ్నం, బెవర్లీ మిగిలిపోయిన సూపు వేడిచేస్తుండగా, రెండు సంస్థలు ఒకదాని వెంట ఒకటి ఫోన్ చేసి ఉద్యోగం ఇస్తామన్నాయి. ఆవిడ ఇద్దరికీ థాంక్స్ చెప్పి, సూపు పొయ్యి మీదే వదిలేసి, నడిచి మా ఇంటికొచ్చి, “మీ దగ్గర ఎసిడిటీ మాత్రలున్నాయా?” అని అడిగింది.

మొదటిది లూన్ కౌంటీ రోడ్ల శాఖ, శీతాకాల విభాగం. మంచు తోసే లారీలని రేడియోలో నడిపించే పని. జీతం మిల్లు ఇచ్చినదానికంటే తక్కువ. బీమా పూర్తిగా ఉంది, పెన్షను ఉంది. హోదా: గ్రేడు తొమ్మిది, మెట్టు బి. ఎదుగుదల గురించి కౌంటీ ఒకే వాక్యం రాసింది: ‘పై పదవి ఖాళీ అయినచో పరిశీలించబడును’. పైన ఉన్నది ఒకే పదవి. అందులో ఉన్నది వెర్న్ హాగెన్. అరవై దాటినవాడే, కానీ ఆదివారం ఆదివారం ఆవిరిగదిలో ఉడికి, ఆ వేడి మీదే సరస్సులో మంచుకి కన్నం వేసి దూకుతాడు. ఆయన దగ్గడం చూసినవాళ్లు మా కౌంటీలో లేరు.

రెండోది మినియాపొలిస్‌లో బ్లిజ్లీ అనే కంపెనీ. మంచు మీద యాప్ తయారుచేస్తోంది. ఇంట్లోంచే పని. జీతం రెట్టింపుకి కాస్త తక్కువ. కంపెనీలో వాటాలు. ఎన్ని రోజులైనా సెలవు. (ఎవరూ పెట్టలేదట.) హోదా: చీఫ్, శీతాకాల వ్యవహారాలు. ఎదుగుదలకి హద్దు లేదన్నారు. బీమా కూడా వస్తుంది, ‘త్వరలో’. ఈలోగా ఉద్యోగుల ఆరోగ్యం కోసం శ్వాస మీద ధ్యాస పెట్టించే ఇంకో యాప్ ఉచితం.

ఇద్దరూ శుక్రవారం మధ్యాహ్నంలోగా జవాబు కావాలన్నారు. బ్లిజ్లీవాళ్లకి ఉత్సాహం చల్లారకూడదు. కౌంటీవాళ్లకి శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ఆఫీసులో ఎవరూ ఉండరు.

ఆ సాయంత్రం నీమీల వంటింట్లో సభ జరిగింది. రస్ తల్లి ఆర్డిస్ హాట్‌డిష్ వండి తెచ్చింది. పైన బంగాళాదుంప ముక్కలు, అడుగున ఏముందో అడగకూడదు. ఆర్డిస్ కౌంటీ లైసెన్సుల కౌంటరులో జీవితమంతా పనిచేసి రిటైరైంది. తను పెన్షను తీసుకున్నన్నాళ్లూ కౌంటీ తన మీద గెలవదని ఆవిడ నమ్మకం. యంత్రం పంచుకునేవాణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు.

“ఆ కంపెనీ పేరేమన్నావ్?” అంది ఆర్డిస్.

“బ్లిజ్లీ.”

“అది పేరా, తుమ్మా?”

“జీతం చూడమ్మా,” అన్నాడు రస్. “ఇంచుమించు రెట్టింపు. షెడ్డు పైకప్పు వేయించొచ్చు. బెవ్ ఒక్కసారైనా గొప్పగా బతకొద్దూ?”

“కౌంటీలో గొప్పగా ఎవరూ బతకర్రా. ఎక్కువకాలం బతుకుతారు. వెర్న్‌ని చూడు.”

“అదేగా బాధ! వెర్న్ కుర్చీ ఖాళీ అయ్యేసరికి బెవ్‌కి కర్రొస్తుంది.”

“ఆర్డిస్, మీరు చెప్పేదీ నిజమే,” అంది బెవర్లీ. “రస్, నువ్వు చెప్పేదీ నిజమే.” మా ఊళ్లో ఇద్దరు వాదించుకుంటుంటే మూడోవాళ్లు మాట్లాడాల్సిన మాటలు అవే.

మేజీ ఫోర్కుతో బంగాళాదుంప ముక్కలు లెక్కపెట్టి, పంపు మీద మీటలు నొక్కుతూ తలెత్తకుండానే అంది. “ఎందుకు కొట్టుకుంటారు? అమ్మ ఎక్కడ పనిచెయ్యాలో తేల్చేది నా పాంక్రియాస్. దాన్నడగండి. పదమూడేళ్లకే నాకు హెచ్చార్ ఉద్యోగం. జీతమే ఇవ్వట్లేదు.”

రస్ గిన్నె కేసి చూశాడు. హాట్‌డిష్ ఆఖరి ముక్క ఒకటి మిగిలింది. మా ఊళ్లో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. సగం చేసి సగమే తీసుకుంటారు, ఆ మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తారు. చివరికి అణువు మిగిలినా గిన్నెలోనే ఉంటుంది. ఆ రోజు దాన్ని సగం చెయ్యడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు.

మర్నాడు నేను యంత్రానికి నూనె పోస్తుంటే బెవర్లీ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

“ఒక మాట చెప్తాను, నవ్వకండి. వాళ్లు నన్ను చీఫ్ అన్నారు. బాత్రూంలో అద్దం ముందు నిలబడి ఒకసారి అనుకుని చూశాను. చీఫ్ నీమి అని.”

“ఎలా ఉంది?”

“బావుంది,” అంది. మళ్లీ, “చాలా బావుంది,” అంది. మా ఊళ్లో రెండోసారి ‘చాలా’ అన్నారంటే మనిషి లోపల ఏడుస్తున్నట్టు లెక్క.

బుధవారం ఆవిడ ఇద్దరికీ ఫోన్ చేసింది, బేరం ఆడదామని. ముందు కౌంటీకి. అక్కడ మానవ వనరుల ఉప సమన్వయాధికారిణి ఓపల్ రింగ్‌డాల్ మాట్లాడింది.

“మీకు ఇబ్బంది లేకపోతేనే, మేడమ్. మెట్టు బి బదులు మెట్టు సి ఇవ్వడం కుదురుతుందా?”

“ఎందుకు కుదరదండీ! మెట్టు సి రావాలంటే మెట్టు బిలో పనిచేసి ఉండాలంతే.”

“నేనింకా చేరలేదు కదండీ.”

“అందుకే కుదరట్లేదు. లేకపోతే తప్పకుండా ఇచ్చేవాళ్లం.” ఓపల్ గొంతులో నిజమైన విచారం ఉంది. “బీమా మాత్రం నవంబరు ఒకటి నుంచే. పాపకి పంపు సామాను, ఇన్సులిన్ అన్నీ వస్తాయి.”

“నేను పాప సంగతి చెప్పలేదే!”

“ఎవరో ఒకరు ఉంటారు కదండీ,” అంది ఓపల్. “లేకపోతే ఈ జీతానికి ఎవరొస్తారు?”

తర్వాత బ్లిజ్లీ అధిపతి కేడెన్ ప్రెస్‌కాట్‌కి చేసింది. మూడు పదులు నిండని కుర్రాడు, ప్రతి వాక్యాన్నీ పుట్టినరోజు పాటలా మొదలుపెడతాడు.

“బెవ్! మన కుటుంబానికి ఎప్పుడొస్తున్నారు?”

“బీమా ‘త్వరలో’ అన్నారు కదా, అంటే సుమారుగా...”

“నిజం చెప్పనా, బెవ్? మాకు బీమా కోసం వచ్చేవాళ్లు వద్దు. ఆశయం కోసం వచ్చేవాళ్లు కావాలి.”

“ఆశయం ఏమిటండీ?”

“మంచుని ప్రజాస్వామ్యం చెయ్యడం.”

బెవర్లీ కాస్త ఆలోచించింది. “ఇప్పటికే అందరి మీదా సమానంగా పడుతోంది కదండీ?”

“అద్భుతం! ఇలాంటి ఆలోచనలే మాకు కావాలి.”

గురువారం ఆవిడ తేల్చేసుకుంది. కౌంటీ. ఓపల్‌కి ఫోన్ చేసి వస్తానంది. శుక్రవారం కేడెన్‌కి వద్దని చెప్పాలి. అసలు ప్రమాదం అక్కడ జరిగింది.

‘వద్దు’ అనే మాట మా ఊరి నిఘంటువులో ఉంది గానీ నాలుక మీద లేదు. ఇంట్లో నిప్పంటుకుంటే ఆర్పడానికి వచ్చినవాళ్లతో కూడా ‘మీకెందుకు శ్రమ, కాసేపటికి అదే చల్లారుతుంది’ అంటాం. ఆ శుక్రవారం ఫోను స్పీకరులో ఉంది. రస్, నేను కాఫీ తాగుతూ విన్నాం.

“కేడెన్, మీరు చాలా శ్రమ తీసుకున్నారు. నిజంగా చాలా మంచి ఉద్యోగం.”

“కదా!”

“అంత మంచిది నాకెందుకులెండి.”

“అలా అనకండి! మీరు దానికి అర్హులు.”

“మీకు ఇంకెవరైనా దొరికితే నేనేమీ అనుకోను.”

“మాకు మీరే కావాలి, బెవ్.”

“అయ్యో. సరే మరి. పెద్ద మనసు మీది.” బెవర్లీ చెమటలు తుడుచుకుంది. “ఉంటానండీ మరి.”

ఫోన్ పెట్టేసే ముందు ఎవరైనా అనే మాటే అది. అవతల కేడెన్ ఎవరితోనో “ఉంటానంది! ఉంటానంది!” అని అరవడం, చప్పట్లు, ఏదో సీసా మూత ఎగిరిన చప్పుడు వినిపించాయి. లైను తెగిపోయింది.

“చక్కగా చెప్పావు,” అన్నాడు రస్.

వారం తిరక్కుండా పెద్ద డబ్బా వచ్చింది. అందులో ల్యాప్‌టాప్, నీళ్ల సీసా, ‘చీఫ్’ అని ఛాతీ మీద కుట్టిన స్వెట్‌షర్టు. బెవర్లీ బెంబేలెత్తి, మర్యాదగా చీటీ రాసి డబ్బా మొత్తం తిప్పి పంపింది. వాళ్లు క్షమాపణలతో ఇంకో సైజు స్వెట్‌షర్టు పంపారు. ఆఖరికి ల్యాప్‌టాప్ తెరిచి రాజీనామా చెయ్యబోయింది. రాజీనామాని పై అధికారి ఆమోదించాలంది యాప్. శీతాకాల వ్యవహారాల్లో పై అధికారి ఎవరని అడిగితే ‘చీఫ్’ అంది. తనది తనే ఆమోదించబోతే, ‘ఇది నైతిక విలువలకు విరుద్ధం’ అని ఎర్ర అక్షరాల్లో గద్దించింది.

జీతం రావాలంటే ఉద్యోగులు ఆనంద శిక్షణ వీడియోలు చూసి తీరాలి. బెవర్లీ చూడలేదు. కాబట్టి ఒక్క డాలరూ రాలేదు. ఖర్చు లేకుండా హోదాలో కొనసాగుతున్న ఏకైక చీఫ్ కావడం వల్ల బ్లిజ్లీ లెక్కల్లో ఆవిడ అత్యంత సమర్థురాలిగా నమోదైంది.

నవంబరులో కౌంటీ పనిలో చేరింది. రోడ్ల శాఖ షెడ్డు పైన చిన్న గది, రెండు రేడియోలు, కాఫీ మరక పడ్డ గోడ పటం. వెర్న్ ఆవిడకి ఒకే సలహా ఇచ్చాడు. “డ్రైవర్లు అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది కూడా చెప్పు. మధ్యలో పాడకు.” రెండు వారాల్లో డ్రైవర్లు ఆవిడ గొంతు వింటే రేడియో చప్పుడు తగ్గించడం మానేశారు. బీమా కార్డు మాత్రం ఒకటో తారీఖునే వచ్చేసింది. రస్ దాన్ని ఫ్రిజ్ తలుపుకి, మేజీ హాకీ ఫోటో పక్కన అంటించాడు. ఆ ఫోటోలో మేజీకి పన్ను లేదు, కార్డులో ఏ లోపమూ లేదు.

ఇలా సుఖంగా ఉండగా డిసెంబరులో కౌంటీ పాలకమండలికి ఆధునికత మీద మనసైంది. మంచు తోసే లారీలని ఇకమీదట యాప్ నడిపిస్తుందని ప్రకటించారు. యాప్ పేరు బ్లిజ్లీ. రేడియో గది ‘జంట ఖర్చు’ కిందికి వస్తుంది కాబట్టి అందులో పదవులన్నీ కొత్త సంవత్సరంలో రద్దు. అయితే ఒక షరతు. మనుషుల అవసరం ఉందో లేదో తేల్చడానికి ముందు సమన్వయ సమావేశం జరగాలి. కౌంటీ తరఫున ఒకరు, బ్లిజ్లీ తరఫున ఒకరు. ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావాలి.

వెర్న్ కంప్యూటరు ముందు కూర్చోనని, కౌంటీ తరఫున బెవర్లీని పంపాడు. కేడెన్ ‘అదృష్టవశాత్తూ అదే ఊళ్లో ఉన్న మా చీఫ్’ని పంపుతానని రాశాడు.

బెవర్లీ ఆ కాగితంలో చీఫ్ పేరు ‘బి. నీమి’ అని ఉండటం చూసి, నేరుగా ఓపల్ రింగ్‌డాల్ గదికి వెళ్లింది. ఈ సంగతి ఓపలే తర్వాత నాకు చెప్పింది.

“మేడమ్, ఒక చిన్న విషయం. ఆ బి. నీమి ఉంది చూశారూ...”

“చూశాను. మీ బంధువా?”

“నేనేనండీ.”

ఓపల్ చాలాసేపు నిబంధనల పుస్తకం తిరగేసింది. కౌంటీ ఉద్యోగి గుత్తేదారు దగ్గర జీతం తీసుకోకూడదని ఉంది. తీసుకోకుండా పనిచెయ్యకూడదని ఎక్కడా లేదు. అలాంటి మనిషి పుడుతుందని పుస్తకం రాసినవాళ్లు అనుకోలేదు.

“నిబంధన లేదు కాబట్టి తప్పు లేదు,” అంది ఓపల్. తర్వాత తలుపు మూసి, గొంతు తగ్గించింది. “పాప ఎలా ఉంది?”

“బావుందండీ. నిన్న రెండు గోల్స్ కొట్టింది.”

“సమావేశం గురువారం. ఇద్దరూ వేళకి రండి.”

సమావేశం రేడియో గదిలోనే జరిగింది. సాక్షిగా వెర్న్ ఉన్నాడు, కాఫీ కలిపి ఇచ్చాడు. బెవర్లీకి రెండు కప్పులు పెట్టాడు. ఆ గంటసేపూ జరిగింది ఆయనే చెప్పాడు. ఆవిడ మొదట బ్లిజ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కౌంటీకి ప్రశ్న రాసింది: ‘మనుషులు అవసరమా?’ లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి కౌంటీ కంప్యూటరు ముందు కూర్చుంది. జవాబు రాయలేదు.

“ఏం, అవతలిపక్షం మొండిగా ఉందా?” అన్నాడు వెర్న్.

“లేదు. మంచిదే, పాపం. నేనడిగితే కాదనదు. అందుకే అడగబుద్ధి కావట్లేదు.”

“అమ్మాయ్, నేను చలినీళ్లలో ఎలా దూకుతానో తెలుసా? ఆలోచించను.”

అప్పుడు రాసింది. రేడియో గదిలో పదవులన్నీ యథాతథంగా ఉండాలి, పూర్తి బీమాతో. మళ్లీ బల్ల చుట్టూ తిరిగెళ్లి బ్లిజ్లీ తరఫున ఒప్పుకుంది. ఏకాభిప్రాయం కుదిరింది. ఇరుపక్షాల మధ్యా ఇంత సుహృద్భావం తన సర్వీసులో చూడలేదని వెర్న్ నమోదు చేశాడు. కేడెన్ దాన్ని చదవకుండానే మూడు చప్పట్ల బొమ్మలు పంపాడు.

బెవర్లీ ఇంటికొచ్చి ఆర్డిస్‌కి చెప్పబోయింది. ఆర్డిస్ చెవులు మూసుకుంది. “నాకు చెప్పకు. నేను లూథరన్ చర్చి మనిషిని. చెప్తే బాధపడాలి. చెప్పకపోతే సంతోషిస్తాను.”

జనవరిలో పెద్ద మంచు పడింది. అప్పుడు తెలిసింది ప్రజాస్వామ్యం అంటే ఏమిటో. ఏ వీధి ముందు తొయ్యాలో ఊరి జనం ఫోన్లలో ఓటు వెయ్యాలి. ఎక్కువ ఓట్లు వచ్చిన వీధికి లారీ వెళ్తుంది. అందరూ బుద్ధిగా ఎవరి వీధికి వాళ్లు ఓటు వేసుకున్నారు. మా ఊళ్లో వీధులన్నీ ఇంచుమించు ఒకే పొడవు. ఫలితం సమం అయింది. సమం అయితే రీపోలింగ్ జరిగేదాకా ఏ లారీనీ కదిలించకూడదని యాప్ నియమం. మిట్టమధ్యాహ్నం, మోకాలి లోతు మంచులో లారీలన్నీ షెడ్డులో ఇంజన్లు ఆన్ చేసుకుని ఎన్నికల ఫలితాల కోసం నిలబడ్డాయి. ఆసుపత్రి వీధి కూడా పోటీలో ఉంది. వెనకబడింది, రోగులు ఓటు వెయ్యలేదు.

బెవర్లీ రేడియో అందుకుంది. “ఒకటో నంబరు, ఆసుపత్రికి. రెండు, బడికి వెళ్లు, పిల్లలు బస్సుల్లో ఉన్నారు. మూడు, కొండ దిగువకి.”

“యాప్ ఆగమంటోంది, బెవ్!”

“యాప్‌కి నేను చెప్పుకుంటాను. దాని చీఫ్ నాకు తెలుసు.”

సాయంత్రానికి దారులన్నీ తెరుచుకున్నాయి. ఆ వారం బ్లిజ్లీ ఒక ప్రకటన చేసింది: లూన్ కౌంటీలో యాప్ అపూర్వ విజయం, ఒక్క ప్రమాదమూ లేదు, పౌరులకు సంతృప్తి. ఆ ప్రకటన చూసి ఒక పెద్ద కంపెనీ బ్లిజ్లీని కొనేసింది. కొన్నాక యాప్ తెరిచి చూసింది. చూశాక మూసేసింది. కేడెన్ ఉద్యోగులందర్నీ వీడియోలోకి పిలిచి, కళ్లు తుడుచుకుంటూ, కుటుంబం ఇక లేదనీ, తను మాత్రం హవాయి వెళ్తున్నాననీ చెప్పాడు.

ఆ రోజు బెవర్లీ ముఖం చూసి రస్ కంగారుపడ్డాడు.

“ఏమైంది?”

“ఉద్యోగం పోయింది.”

“నువ్వు వద్దన్నదేగా?”

“వద్దన్నదే,” అంది. అని, చీఫ్ అని కుట్టిన స్వెట్‌షర్టు మడతపెట్టుకుంటూ కాసేపు ఏడ్చింది. వద్దనుకున్న కొలువైనా పోతే పోయినట్టే ఉంటుంది కాబోలు. మేజీ వచ్చి ఆ స్వెట్‌షర్టు లాక్కుని తొడుక్కుంది. “నాకు సరిపోయింది. చీఫ్‌ని నేనే. ఏడవకమ్మా, ఇది ఆదేశం.”

యాప్ పోయాక పాలకమండలి తన ఆధునికతని నిలబెట్టుకోవాల్సి వచ్చింది. కౌంటీని ఇరవై ఒకటో శతాబ్దంలోకి నడిపించినందుకు వెర్న్ హాగెన్‌కి ఒక పతకం ఇచ్చారు. ఆయన జీవితంలో మంచునీళ్లకి గానీ వయసుకి గానీ లొంగలేదు. సభలో తన గురించి నలుగురు మంచిగా మాట్లాడటం మాత్రం తట్టుకోలేకపోయాడు. మర్నాడే రిటైరై, మళ్లీ ఎవరూ పొగిడే వీల్లేనంత దూరం, అరిజోనా వెళ్లిపోయాడు. పై పదవి ఖాళీ అయింది. పరిశీలించబడింది. ఓపల్ అంత త్వరగా ఫైలు కదిలించడం కౌంటీ చరిత్రలో లేదు. బెవర్లీ ఇప్పుడు గ్రేడు పది. జీతం పాత మిల్లు జీతానికి ఇంచుమించు అందుకుంది. షెడ్డు పైకప్పు ఇంకా కారుతోంది. రస్ దాని కింద ఒక పడవ పెట్టాడు.

కొత్త పదవిలో ఆవిడ మొదటి పని, తను ఖాళీ చేసిన కుర్చీలోకి మనిషిని ఎంచుకోవడం. కౌంటీ ఇంటర్వ్యూలో ఒక నిష్పాక్షిక పౌరుడు కూర్చోవాలని నిబంధన. మంచు తోసే యంత్రం చుట్టరికం కిందికి రాదని ఓపల్ తేల్చడం వల్ల నేను వెళ్లాను.

మొదటి అభ్యర్థి నోలన్ ఫ్రెడీన్. ముప్ఫై ఏళ్లుంటాయి. విమానాశ్రయంలో బళ్లు నడిపించిన అనుభవం ఉంది, మంచి మాటతీరు. చికాగోలో ఒక కంపెనీ ఇంతకు రెట్టింపు జీతంతో పిలిచిందని, దాచకుండా చెప్పేశాడు.

బెవర్లీ ఎదురుగా కౌంటీ అచ్చువేసిన ప్రశ్నలున్నాయి. మొదటిది చదివింది. “మీరు ఈ ఉద్యోగమే ఎందుకు కోరుకుంటున్నారు?”

అతను వెన్ను నిటారుగా పెట్టాడు. “మంచు అంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణమండీ.”

బెవర్లీ కలం మూసింది. “ఇంట్లో ఎవరికి బాగోలేదు?”

నోలన్ నా కేసి చూశాడు. తర్వాత కిటికీ కేసి చూశాడు. “మా ఆవిడకి,” అన్నాడు. “కిడ్నీలు.”

“బీమా ఒకటో తారీఖు నుంచి వస్తుంది,” అంది బెవర్లీ. కలం తెరిచి, మొదటి ప్రశ్న కింద ఇచ్చిన గీత మీద పొందికగా రాసింది: ‘అభ్యర్థికి మంచు అంటే ప్రాణం.’